హిమాలయాల పుట్టుకను రాళ్లలో చదవడం ఎలా? మోహండ్ నుంచి లేహ్ దాకా

హిమాలయాలకు వెళ్లినవాళ్లందరి చూపూ ముందు శిఖరాల మీదే పడుతుంది. ఆ కొండలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలంటే మాత్రం శిఖరాలను కాసేపు పక్కన పెట్టి, ఒక రకం రాయి ఆగిపోయి ఇంకో రకం మొదలయ్యే హద్దుల దగ్గర నిలబడాలి. కథంతా అక్కడే ఉంది. ఈ వ్యాసం చెప్పేది ఆ హద్దులను దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక్కొక్కటిగా దాటుతూ చదివే పద్ధతి. కొంత ఉత్తరాఖండ్‌లో, కొంత హిమాచల్‌లో, చివరి భాగం లద్దాఖ్‌లో చూడాలి.

బయల్దేరే ముందు ఒక తేడా గట్టిగా పట్టుకోండి. రాయి పుట్టిన వయసు వేరు, ఆ రాయి ఇప్పుడున్న చోటికి చేరిన వయసు వేరు. ఎవరెస్ట్ కొనమీది సున్నపురాయి సముద్రం అడుగున ఏర్పడి 45 కోట్ల ఏళ్లు దాటింది. దాన్ని పైకెత్తిన ఖండాల ఢీ మొదలై మాత్రం 5 కోట్ల ఏళ్లు, కాస్త అటూ ఇటూ. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ రెండిటినీ కలిపేసి "హిమాలయాల వయసు ఎంత?" అని ఒకే అంకె అడుగుతారు. నోటుబుక్కులో మొదటి నుంచీ రెండు గళ్లు పెట్టుకోండి: రాయి వయసు ఒకదాంట్లో, కదలిక వయసు మరోదాంట్లో.

1. పటం మీద ఐదు గీతలు

భారత భూగర్భ సర్వే సంస్థ నడిపే భూకోశ్ పోర్టల్‌లో భూగర్భ పటాలు దొరుకుతాయి. దాని మీద దక్షిణం నుంచి ఉత్తరానికి ఐదు గీతలు వెతికి రంగు పెన్నుతో దిద్దుకోండి: హిమాలయన్ ఫ్రంటల్ థ్రస్ట్, మెయిన్ బౌండరీ థ్రస్ట్, మెయిన్ సెంట్రల్ థ్రస్ట్, సౌత్ టిబెటన్ డిటాచ్‌మెంట్, సింధు–సాంగ్‌పో అతుకు. థ్రస్ట్ అంటే కింది రాతి మీదికి పై రాయి ఎక్కి కూర్చున్న పగులు. పడమర నంగా పర్బత్ నుంచి తూర్పున నామ్‌చా బర్వా దాకా దాదాపు 2,400 కి.మీ. పొడవునా ఈ గీతలు ఒకదాని పక్కన ఒకటి సాగుతాయి. ఇంత పొడవునా ఒకే వరస నిలబడడమే వీటిని నమ్మదగ్గ ఆనవాళ్లుగా చేసింది.

గీతల మధ్య నాలుగు పట్టీలు వస్తాయి: శివాలిక్ కొండలు, లెస్సర్ హిమాలయం, హయ్యర్ హిమాలయం, టెథిస్ హిమాలయం. టెథిస్ అంటే ఒకప్పుడు భారత ఖండానికీ ఆసియాకూ మధ్య ఉన్న సముద్రం. రెండు ఖండాలూ కలిసిపోయిన అతుకు దాటితే అది ఆసియా అంచు.

చేతిలో ఉండాల్సినవి కొన్నే: వాలు కొలిచే క్లైనోమీటర్ కంపాస్, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, సుత్తి, సున్నపురాయిని పరీక్షించడానికి పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిన్న సీసా. ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగేది సున్నపురాయి. గీకి పొడి చేశాకే మెల్లగా పొంగితే అది డోలమైట్. వానాకాలంలో మాత్రం వెళ్లకండి. కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఒకటైతే, బురద కప్పిన రోడ్డు కోతల్లో ఏమీ కనబడకపోవడం రెండోది.

2. మోహండ్: కొండ మొదలయ్యే చోటు

సహారన్‌పూర్ నుంచి డెహ్రాడూన్ వైపు వస్తుంటే మోహండ్ దగ్గర మైదానం ఒక్కసారిగా ఆగి కొండ లేస్తుంది. ఆ అంచే ఫ్రంటల్ థ్రస్ట్. ఇక్కడి వాగులను స్థానికులు రౌ అంటారు. వాన లేని రోజుల్లో ఎండిన రౌ పడకలో ఉత్తరానికి నడిస్తే రెండు పక్కలా పొరలు తెరిచిన పుస్తకంలా కనిపిస్తాయి. ముందు బూడిదరంగు ఇసుకరాయి వస్తుంది. భూతద్దంలో చూస్తే తెల్లటి క్వార్ట్జ్ రేణువుల మధ్య నల్లటి మైకా తళుకులు కనిపిస్తాయి. పొరల వాలు ఉత్తరానికి ఉంటుంది కాబట్టి ముందుకు నడిచేకొద్దీ పై పొరలకు, అంటే చిన్న వయసు పొరలకు చేరుతుంటారు. ఇంకా పైకి వెళ్తే ఇసుక తగ్గి గులకరాళ్లు మొదలవుతాయి. చివరికి గుండ్లంత రాళ్లు కలిసిన కాంగ్లామరేట్ వస్తుంది.

నదులు మోసుకొచ్చే సరుకు ఇలా ముతకబారుతూ పోవడానికి మొదటి కారణం కొండ దగ్గరికి జరుగుతూ రావడం. శివాలిక్ పొరలు సుమారు కోటీ 80 లక్షల ఏళ్ల కిందట పేరుకోవడం మొదలైంది. వెనుక కొండ ఎదుగుతూ దక్షిణానికి జరుగుతుంటే, దాని ముందు కుంగిన పల్లంలో ఆ కొండ చెత్తే పడుతూ వచ్చింది. తర్వాత ఆ చెత్త కూడా ముడుచుకుని కొండగా లేచింది.

ఇక్కడ కాస్త ఆగి గులకరాళ్లను చూడండి. ఏ రాయి ఎంత ఉందో లెక్కపెట్టడం నేర్చుకుంటే శివాలిక్ పొర ఒక్కటే మిగతా కొండ చరిత్ర సగం చెబుతుంది. నది మోసుకొచ్చేది ఆ రోజు కొండ పైభాగంలో బయటపడి ఉన్న రాతినే. కాబట్టి కొండలో పైన ఉన్నది ఇక్కడ ముందు పడుతుంది, లోతున ఉన్నది తర్వాత పడుతుంది. కింది శివాలిక్ ఇసుకలో స్టారొలైట్ అనే ఖనిజం కనబడుతుంది, మధ్య శివాలిక్‌కు వచ్చేసరికి కయనైట్ చేరుతుంది. కయనైట్ ఏర్పడేది ఇంకా లోతులో, ఎక్కువ ఒత్తిడిలో. వెనుక కొండ ఒలుచుకుపోతూ లోపలి పొరలు బయటపడిన క్రమం ఈ ఇసుకలో తలకిందులుగా దాఖలైంది. ఒక్కో పొరలో ఒక చదరపు మీటరు గీసుకుని అందులో పిడికిలికి మించిన రాళ్లన్నిటినీ రకాల వారీగా రాయండి. విసుగు పుట్టించే పనే. అయినా దీన్ని మించిన అభ్యాసం నాకు తెలియదు.

ఈ హద్దు ఇప్పటికీ కదులుతోంది. మోహండ్ దగ్గర నది వదిలిన మెట్లు (పాత నది పడకలు మిగిల్చిన చదును గట్లు) ఎంత ఎత్తుకు లేచాయో కొలిచి చూసినప్పుడు, థ్రస్ట్ జారుడు సగటున ఏడాదికి ఒక సెంటీమీటరు పైచిలుకు అని తేలింది.

3. డెహ్రాడూన్ దాటి మస్సూరీ వైపు

డెహ్రాడూన్ ఉన్నది ఒక దూన్‌లో, అంటే శివాలిక్ మడతకూ అసలు కొండకూ మధ్య చిక్కిన లోయలో. నగరం ఉత్తర కొసన రాజ్‌పూర్ దగ్గర కొండ ఎక్కడం మొదలవగానే మెయిన్ బౌండరీ థ్రస్ట్ దాటుతారు. కొన్ని లక్షల నుంచి కోటి ఏళ్ల వయసున్న శివాలిక్ రాళ్ల మీద 50 కోట్ల ఏళ్లు దాటిన ఫిల్లైట్ (బురద రాయి ఒత్తిడికి మారి ఏర్పడిన రాయి), సున్నపురాయి కూర్చుని ఉంటాయి. పాత రాయి పైన, కొత్త రాయి కింద: థ్రస్ట్‌ను గుర్తుపట్టడానికి ఇంతకన్నా సూటి గుర్తు లేదు. ఇక్కడ కదలిక మొదలై సుమారు కోటి ఏళ్లని అంచనా.

మస్సూరీ సున్నపురాయి క్రోల్ అనే పొరల వరసకు చెందింది. దాని పైన తాల్ వరస ఉంటుంది. మాల్‌దేవతా దగ్గర తాల్ వరస అడుగున ఫాస్ఫరైట్ అనే ఫాస్ఫేటు రాయి దొరుకుతుంది, అందులో కేంబ్రియన్ యుగపు తొలినాటి (సుమారు 54 కోట్ల ఏళ్ల కిందటి) చిన్న గుల్లల అవశేషాలు ఉన్నాయి. డెహ్రాడూన్‌లోనే వాడియా హిమాలయ భూగర్భ విజ్ఞాన సంస్థ ఉంది. వాళ్ల మ్యూజియంలో రాళ్ల నమూనాలు ముందే చూసుకుని కొండెక్కితే సగం పని అయిపోయినట్టే.

లెస్సర్ హిమాలయం మిగతా భాగాన్ని నేను త్వరగా దాటిస్తాను. మడతల మీద మడతలు, శిలాజాలు లేని పొరలు, ఒకే వరసకు రెండు మూడు పేర్లు. కొత్తవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. అలకనంద నది వెంట గఢ్వాల్‌లోని శ్రీనగర్, రుద్రప్రయాగ, చమోలీ మీదుగా వెళ్తూ మూడింటిని గుర్తుపడితే చాలు: ఆకుల్లా చీలే ఫిల్లైట్, గాజుపెంకులా గట్టిగా తెల్లగా ఉండే క్వార్ట్జైట్, పీపల్‌కోటి పరిసరాల డోలమైట్. ఈ పట్టీలో కొన్ని రాళ్లు 180 కోట్ల ఏళ్లు దాటినవి. ఖండాల ఢీకి చాలా ముందే ఇవి భారత ఖండపు ఉత్తర అంచులో ఉన్నాయి.

4. హేలంగ్: అసలు పరీక్ష

జోషీమఠ్‌కు కాస్త ముందు, బద్రీనాథ్ దారిలో హేలంగ్ వస్తుంది. ఇక్కడికి రెండు రోజులు కేటాయించండి. మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ ప్రభావం మొదలయ్యేది ఇక్కడే. స్విస్ శాస్త్రవేత్తలు ఆర్నాల్డ్ హైమ్, ఆగస్టో గాన్సర్ 1936లో ఈ ప్రాంతమంతా తిరిగి 1939లో తమ ఫలితాలు అచ్చువేశారు. మెయిన్ సెంట్రల్ థ్రస్ట్‌కు ఆ పేరు వాళ్లు పెట్టిందే. అదే యాత్రలో గాన్సర్ యాత్రికుడి వేషంలో సరిహద్దు దాటి కైలాస పర్వతం దాకా వెళ్లాడు.

హేలంగ్ నుంచి పైకి నడుస్తూ ప్రతి వంద మీటర్లకూ ఒక రాయి పగలగొట్టి తాజా ముఖాన్ని భూతద్దంలో చూడండి. కింద పచ్చటి క్లోరైట్. తర్వాత గోధుమ నలుపు బయోటైట్. ఆపైన ఎర్రటి గార్నెట్ గింజలు, మొదట ఆవగింజంత, పోనుపోను శనగగింజంత. ఇంకా పైన లేత నీలంలో పలకల్లాంటి కయనైట్. జోషీమఠ్ దాటి లోపలికి పోతే దారాల కట్టలాంటి సిల్లిమనైట్, దాని చుట్టూ రాయి కరగడం మొదలైన తెల్లటి చారలు.

ఇందులో వింత ఏమిటంటే, ఈ ఖనిజాల వరస వేడి పెరిగే వరస. క్లోరైట్, బయోటైట్ ఏర్పడే వేడి 400 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ. సిల్లిమనైట్‌తో పాటు రాయి కరగడానికి 650 నుంచి 750 దాకా కావాలి. భూమిలో లోపలికి పోయేకొద్దీ వేడి పెరగాలి కదా, ఇక్కడ పైకి ఎక్కేకొద్దీ పెరిగింది. దీన్ని తలకిందుల రూపాంతరం అంటారు. లోతులో ఉడికిన పలక చల్లటి పలక మీదికి ఎక్కడం వల్ల ఇలా అయిందని తొలి వివరణ. పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ, వేడి హద్దులన్నీ మధ్యలో నలిగి, సాగి, తిరగబడ్డాయని తర్వాతి వివరణ. హేలంగ్ దారిలో రాళ్లు ఎంత నలిగాయో చూస్తే రెండోదానికే ఎక్కువ బలం ఉందనిపిస్తుంది. కొన్ని కిలోమీటర్ల మందంలో ఒక్క రాయి కూడా నలగకుండా లేదు.

జారుడు ఏ దిక్కుకు జరిగిందో రాతిలోనే చూడొచ్చు. రాతిలో మైకా పలకలు పరుచుకున్న తలం ఒకటుంటుంది, ఆ తలం మీద ఖనిజాలు సాగిన గీతలుంటాయి. తలానికి నిలువుగా, గీతలకు సమాంతరంగా ఉన్న ముఖాన్ని ఎంచుకోండి. వేరే ముఖం చూస్తే తప్పు దిక్కు చెబుతుంది, కాబట్టి ఈ మాట మరవొద్దు. ఆ ముఖంలో తెల్లటి ఫెల్స్‌పార్ గుడ్డుకు రెండు వైపులా తోకలు ఉంటాయి. మీకు ఉత్తరం కుడివైపు ఉండేలా నిలబడితే, పొరలు కుడివైపు కిందికి వాలి కనబడతాయి. ఎడమవైపు తోక గుడ్డు పైఅంచు నుంచి, కుడివైపు తోక కింది అంచు నుంచి సాగి ఉంటే పైరాయి దక్షిణానికి జారినట్టు. ఒకటి రెండు గుడ్లు చూసి తేల్చేయకండి. ఒకే కోతలో కనీసం ఇరవై చూసి, ఎక్కువ ఎటు చెబితే అదే రాయండి.

థ్రస్ట్ గీత సరిగ్గా ఎక్కడ గీయాలన్నది ఇప్పటికీ వాదమే. హేలంగ్ దగ్గరి మున్సియారీ థ్రస్ట్ అని కొందరు, ఇంకా పైనున్న వైకృత థ్రస్ట్ అని భూగర్భ శాస్త్రవేత్త ఖడగ్ సింగ్ వల్దియా వంటివారు చెప్పారు. గీత కోసం కొట్టుకోకుండా మొత్తం నలుగుడు మండలాన్ని పటంలో పట్టీగా చూపడమే నిజాయితీ అని నా అభిప్రాయం. ఈ మండలంలో పెద్ద కదలిక 2 కోట్ల 30 లక్షల నుంచి 2 కోట్ల ఏళ్ల కిందట జరిగింది. తపోవన్ దగ్గరి వేడినీటి ఊటలు కూడా చూసి రండి. లోతు రాతి వేడి పగుళ్ల గుండా ఇప్పటికీ నీటితో పైకి వస్తోంది.

5. మలారీ: కిందికి జారిన హద్దు

జోషీమఠ్ నుంచి ధౌలీగంగ వెంట మలారీ వైపు వెళ్తే సౌత్ టిబెటన్ డిటాచ్‌మెంట్ చేరతారు. సరిహద్దుకు దగ్గరి ప్రాంతం కాబట్టి ఎక్కడిదాకా అనుమతి పత్రం లేకుండా వెళ్లవచ్చో ముందే కనుక్కోండి. ఇప్పటిదాకా దాటిన హద్దులన్నీ పాత రాయి కొత్త రాయి మీదికి ఎక్కినవి. ఇక్కడ తిరగబడుతుంది: కింద బాగా ఉడికిన నైస్ (చారలు తేలిన గట్టి రాయి), పైన అంతగా ఉడకని అవక్షేప శిలలు, మధ్యలో ఉండాల్సిన కిలోమీటర్ల మందం మాయం. పైపలక ఉత్తరానికి కిందికి జారింది. మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ మీద పలక దక్షిణానికి ఎక్కుతున్న కాలంలోనే ఇదీ జరిగింది. రెండిటినీ కలిపి చూస్తే మధ్యలోని హయ్యర్ హిమాలయం దక్షిణానికి పైకి ఎగదన్నుకొచ్చిన పలక అని అర్థమవుతుంది.

ఈ హద్దుకు దగ్గర్లో లేతరంగు గ్రానైట్లు ఉంటాయి. బద్రీనాథ్, గంగోత్రి, మలారీ, నేపాల్‌లో మనాస్లు అన్నీ ఈ కోవవే. నల్లటి టూర్మలిన్ సూదులు, వెండి తళుకు మస్కోవైట్, అక్కడక్కడా చిన్న గార్నెట్లు కనబడితే అదే. వీటి ముడిసరుకు లోతులో కరిగిన ఖండపు మట్టి శిలలే. ఎక్కువ భాగం 2 కోట్ల 40 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఏళ్ల వయసువి. డిటాచ్‌మెంట్ కోసిన గ్రానైట్ వయసూ, దాన్ని కోసుకుంటూ చొచ్చిన గ్రానైట్ వయసూ తెలిస్తే జారుడు ఎప్పుడు జరిగిందో ఆ రెండిటి మధ్య బిగించవచ్చు. ఎవరెస్ట్‌లో కూడా కొనకు దిగువనే ఈ డిటాచ్‌మెంట్ పోతుంది. అందుకే శిఖరం మీది సున్నపురాయిలో సముద్రజీవుల ముక్కలు చెడకుండా నిలిచాయి.

6. సముద్రం పుట్టుక, చావు

టెథిస్ హిమాలయం చూడాలంటే స్పితి అంత మంచి చోటు మరోటి లేదు. చెట్లు లేవు, పొరలు కొండ నిండా రంగుల పట్టీల్లా సాగుతాయి. కేంబ్రియన్ నుంచి క్రెటేషియస్ దాకా భారత ఖండపు ఉత్తర తీరపు సముద్రంలో పేరుకున్నది ఇక్కడుంది. తెల్లటి ముథ్ క్వార్ట్జైట్ దూరం నుంచే కనిపిస్తుంది, దాన్ని ఆనవాలుగా పెట్టుకోండి. లాంగ్జా పరిసరాల్లో నల్లటి స్పితి షేల్ (పలచగా చీలే బురద రాయి) జురాసిక్ కాలానిది. నేపాల్‌లో గండకి నది తీరాన దొరికే సాలగ్రామాల్లో ఉన్నదీ, ఇక్కడి షేల్‌లో ఉన్నదీ అమ్మొనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న ఒకప్పటి సముద్రజీవి) శిలాజమే. ఫోటో తీయండి, కొలవండి, ఏరి పట్టుకెళ్లకండి. పొర నుంచి విడిపోయిన శిలాజానికి శాస్త్రంలో సగం విలువ పోతుంది.

కశ్మీర్, జంస్కార్ వైపున్న పంజాల్ లావాలు దాదాపు 29 కోట్ల ఏళ్ల నాటివి. గోండ్వానా అనే పాత మహాఖండపు అంచు చీలి కొత్త టెథిస్ సముద్రం తెరుచుకుంటున్నప్పుడు పొంగినవి. సముద్రం పుట్టుకకు గుర్తు అది. చావుకు గుర్తు లద్దాఖ్‌లో ఉంది. మనాలీ నుంచి లేహ్ రోడ్డు మీద బారాలాచా లా, తంగ్‌లాంగ్ లా దాటి ఉప్షీ దగ్గర సింధు నదికి దిగుతుంటే ఊదా ఎరుపు ఇసుకరాళ్లు, షేల్ నిట్టనిలువుగా నిలబడి కనిపిస్తాయి. లేహ్ చేరాక నది గట్టున నిలబడి రెండు పక్కలా చూడండి. దక్షిణాన స్తోక్ వరస ఈ అవక్షేప శిలలది. ఉత్తరాన లేహ్ రాజభవనం వెనుక లేతబూడిద కొండ లద్దాఖ్ గ్రానైట్. ఆసియా అంచు కిందికి సముద్రపు నేల దిగుతున్నప్పుడు కరిగి పైకొచ్చిన గ్రానైట్ అది. ఇప్పటి ఆండీస్ పర్వతాల కింద జరిగే పని ఒకప్పుడు ఇక్కడ జరిగింది. నిదార్, ద్రాస్ వైపు వెళ్లగలిగితే ఆ సముద్రపు నేల ముక్కలే దొరుకుతాయి: దిండ్లలా ఉబ్బిన లావా, పట్టులా జారే పచ్చటి సర్పెంటినైట్, ఎర్రటి చెర్ట్. ఒకనాటి మహాసముద్రంలో మిగిలింది అంతే.

7. ఖండాలు ఎప్పుడు ఢీకొన్నాయో తేల్చడం

ఒక్క రాయి చూసి ఈ తేదీ చెప్పలేం. వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టాలి.

మొదటిది వేగం. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి దక్కన్ లావాల్లోని అయస్కాంత దిశ కొలిస్తే, అప్పుడు ఆ నేల దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉందని వస్తుంది. రాజమండ్రి దగ్గరి నల్లరాయి కూడా ఆ లావాల కుటుంబానిదే. హిందూ మహాసముద్రం అడుగున ఉన్న అయస్కాంత చారలను బట్టి భారత ఫలకం ఒక దశలో ఏడాదికి 15 సెం.మీ. పైగా ఉత్తరానికి పరుగెత్తింది. 5 కోట్ల ఏళ్ల కిందటికి వచ్చేసరికి అది 5 సెం.మీ. దరిదాపులకు పడిపోయింది.

రెండోది సముద్రం ఇంకిపోవడం. ఇది చూడటానికి కాల్కా–సిమ్లా దారికి రండి. సుబాథూ దగ్గరి పచ్చని షేల్‌లో, సున్నపురాయిలో నాణెం ఆకారపు నుమ్ములైట్ గుల్లలు ఉంటాయి, అంటే సముద్రం. దాని మీద దగ్‌షాయీ ఎర్రమట్టి రాళ్లు, అంటే నదీ మైదానం. ఆపైన కసౌలీ బూడిద ఇసుకరాళ్లు. మూడు వరసలకూ ఆ మూడు ఊళ్ల పేర్లే. సుబాథూకూ దగ్‌షాయీకీ మధ్య దాదాపు కోటి ఏళ్ల ఖాళీ ఉంది. ఖాళీని కూడా నోటుబుక్కులో రాయండి. పొర లేకపోవడమూ సమాచారమే.

మూడోది మట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్నది. భారత తీరపు అవక్షేపాల్లో ఆసియా వైపు రాళ్ల రేణువులు మొదటిసారి కనబడిన పొరతో ఖండాలు తాకినట్టు తెలుస్తుంది. జిర్కాన్ అనే గట్టి ఖనిజపు రేణువుల వయసులు కొలిచి దీన్ని పట్టుకుంటారు. నాలుగోది లద్దాఖ్ గ్రానైట్ల ఆగిపోవడం: సుమారు 5 కోట్ల ఏళ్ల తర్వాత అవి పెద్దగా పుట్టలేదు, దిగే సముద్రపు నేల అయిపోయింది కాబట్టి. ఐదోది సో మోరీరీ. ఆ సరస్సు పరిసరాల ఎక్లోగైట్లలో (చాలా లోతులో ఒత్తిడికి మారిన రాళ్లలో) కోయసైట్ అనే ఖనిజం దొరికింది. ఈ ఖనిజం ఏర్పడాలంటే 90 కి.మీ. లోతు కావాలి. భారత ఖండపు అంచు అంత లోతుకు దిగి తిరిగి పైకి వచ్చిందన్నమాట. దాని వయసు కూడా 5 కోట్లకు అటూ ఇటూనే.

ఈ ఐదూ కలిపితే తేదీ 6 కోట్ల నుంచి 5 కోట్ల ఏళ్ల మధ్యలో బిగుసుకుంటుంది. ఇంతకన్నా బిగించాలంటే "ఢీ అంటే ఏది? తొలి స్పర్శా, సముద్రం పూర్తిగా ఇంకడమా, వేగం తగ్గడమా?" అని ముందు నిర్ణయించుకోవాలి. శాస్త్రవేత్తల మధ్య తేడాల్లో సగం ఇక్కడే వస్తాయి.

8. అడ్డుకోత గీసి, భూకంపాలతో సరిచూడటం

ఇప్పుడు ఒక గ్రాఫ్ కాగితం మీద మోహండ్ నుంచి సింధు నది దాకా అడ్డుకోత (నేలను నిలువునా కోస్తే లోపల కనబడే బొమ్మ) గీయండి. నిలువు, అడ్డం కొలతలు సమానంగా పెట్టండి. నిలువును సాగదీస్తే వాలులన్నీ అబద్ధం చెబుతాయి. మీరు కొలిచిన వాలులతో మూడు థ్రస్ట్‌లనూ ఉత్తరానికి లోపలికి పొడిగిస్తే, అవి లోతుకు వెళ్లేకొద్దీ చదునై ఒకే తలంలో కలిసే వీలుంటుంది. ఆ తలమే మెయిన్ హిమాలయన్ థ్రస్ట్. దాని కింద భారత ఫలకం ఇంకా ఉత్తరానికి దూరుతోంది. మైదానం కింద 35–40 కి.మీ. మందమున్న భూపటలం టిబెట్ కింద దాదాపు 70 కి.మీ. అవడానికి ఇదే కారణం. భారత, యురేషియాలు ఇప్పుడు దగ్గరవుతున్న 4–5 సెం.మీ.లో దాదాపు 2 సెం.మీ. హిమాలయమే మింగుతోందని జీపీఎస్ కొలతలు చెబుతాయి.

గీసిన కోత సరిగా ఉందో లేదో భూకంపాలు చెబుతాయి. 1991 ఉత్తరకాశీ, 1999 చమోలీ భూకంపాల కేంద్రాలు 20 కి.మీ. లోతు లోపే ఉన్నాయి. వాటిని మీ కోత మీద చుక్కలుగా పెట్టండి. మీరు గీసిన తలం ఆ చుక్కలకు చాలా దూరంగా పోతుంటే వాలు కోణం సరిచేయాలి. 2015 ఏప్రిల్ 25 నాటి 7.8 తీవ్రత గోర్ఖా భూకంపంలో పగులు నేల పైకి రాకుండా లోపలే ఆగిపోయింది, అయినా కాఠ్‌మాండూ లోయ దాదాపు మీటరు లేచింది. 1934 బిహార్–నేపాల్ భూకంపంలో మాత్రం పగులు నేలదాకా వచ్చిందని ఆ తర్వాతి తవ్వకాలు చూపాయి. అందుకే కోతలో థ్రస్ట్‌ను ఒకే గీతగా గీయకుండా, బిగుసుకుని ఉన్న దక్షిణ భాగాన్ని ఒక రంగులోనూ, లోతున వేడికి మెల్లగా జారే ఉత్తర భాగాన్ని మరో రంగులోనూ చూపండి. ఆ రంగు మారే చోటు హయ్యర్ హిమాలయపు దక్షిణ అంచు కిందికి, హేలంగ్ పరిసరాల కిందికి వస్తుంది. చిన్న భూకంపాల చుక్కలు గుంపుగా పడేదీ ఆ పట్టీలోనే.